పక్కమనిషి భుజం

ముప్పై ఒక్క వేల చిల్లర ఫోటోలు దాటాక తెర మీది ఆకుపచ్చ గీత మళ్ళీ ఆగిపోయింది. ఆమె మౌసు వదిలి, కళ్ళజోడు తీసి, చేతిరుమాలుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. గీత కదల్లేదు.

"కానీలే, నీకేం తొందర, నాకేం తొందర" అంది దానితో. కంప్యూటరుతో మాట్లాడే అలవాటు ఈమధ్యది కాదు. ఆ గదిలో మాట కలిపే ఇంకో మనిషి లేక చాలా ఏళ్ళయింది.

స్టూడియో వెనక గది అది. కిటికీ ఉంది గానీ, తెర మీద రంగులు తేడా రాకూడదని అద్దానికి నల్లరంగు పూసేశారు. ఒక బల్ల, రెండు తెరలు, మధ్యలో గుంటపడ్డ కుర్చీ, ఆ గుంట పూడ్చడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు. ముప్పై మూడేళ్ళుగా ఆమె అక్కడ కూర్చుని మొహాలు బాగుచేస్తోంది. మొదట్లో నెగెటివ్‌ని కిందనుంచి దీపం వెలిగే అద్దం మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొటిమల మీద చుక్కలు పెట్టేది. తర్వాత కంప్యూటరు వచ్చి పెన్సిలు పోయింది. మొటిమలు పోలేదు. ఊళ్ళో సగం మొహాలు ఆమెకు కంఠతా వచ్చు. వీధిలో ఎవరైనా ఎదురైతే 'ఈవిడకి ఎడమ దవడ కింద రెండు గీతలు తీశాను' అని గుర్తుపట్టేది. ఆవిడ మాత్రం ఈమెను ఎవరో అనుకుని పక్కకు తప్పుకునేది.

పాత ఓనరు పోయాక ఆయన కూతురే స్టూడియో చూసుకుంటోంది. చిన్నప్పుడు ఈ బల్ల కిందే బొమ్మలు పెట్టుకుని ఆడుకున్న పిల్ల. ఫోటోలకు టచింగ్ చేస్తుందని ఆమెను 'టచింగ్ అత్తా' అని పిలుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది ఆ పిల్లే. పాతది ఇక కొత్త కంప్యూటర్లలో నడవదట, అందుకని పాత ఫోటోలన్నీ ఇందులోకి చేర్చాలి. కొత్తది మొహాలను తనంతట తనే బాగుచేస్తుంది. అంటే ఈ చేరవేత అయిపోతే ఆమె పని కూడా అయిపోయినట్టే. ఆ సంగతి వారం కిందట బల్ల అంచు గోటితో గోకుతూ చెప్పింది పిల్ల. "సరేలే అమ్మడూ, నాకూ కళ్ళు లాగేస్తున్నాయి" అని, ఆ పిల్ల ఇబ్బందిని కూడా ఆమే తీసేసింది. ఎదుటి మొహం మీద ముడత కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు.

ఈ చేరవేతలో ఒక తిరకాసు ఉంది. పాత సాఫ్ట్‌వేర్ అసలు ఫోటోను ముట్టుకునేది కాదు. ఆమె చేసిన దిద్దుబాట్లన్నీ విడిగా గుర్తుపెట్టుకుని, తెరిచినప్పుడు ఫోటో మీద కప్పి చూపించేది. ఆ గుర్తులు కొత్తదానికి అర్థం కావు. అది అసలు ఫోటోలను మాత్రమే తీసుకుంటుంది.

"అసలువి వస్తే చాలత్తా. మార్పులు ఎవరడుగుతారు?" అంది పిల్ల.

నిజమే, ఎవరడుగుతారు.

పది గంటలకు గీత మళ్ళీ కదిలింది. తెర నిండా ఊరు దిగింది. బ్యాంకు మేనేజరు మెల్లకన్ను ఆయనకు తిరిగొచ్చింది. బట్టల కొట్టాయన నుదురు నడినెత్తి దాకా పాకింది. ఆమె ఎంతో కష్టపడి పదేళ్ళు తగ్గించిన హెడ్మిస్ట్రెస్, ఆ పదేళ్ళనూ ఒక్కసారిగా మీద వేసుకుని కూర్చుంది. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది.

"అమ్మో అత్తా, ఊరందరికీ ఇన్ని అబద్ధాలు చెప్పావా?"

"నేనెక్కడ చెప్పానమ్మా, అడిగి మరీ చెప్పించుకున్నారు."

ఆమె కూడా నవ్వింది గానీ లోపల భయంగానే ఉంది. ఇన్నేళ్ళ పని అలా తుడిచిపెట్టుకుపోతుంటే ఎవరికైనా బాధే. ఆమె భయం మాత్రం అది కాదు. ఆ వేల ఫోటోల్లో ఒకటుంది. దాని అసలును ఆమె పద్దెనిమిదేళ్ళుగా తెరవలేదు. ఒక్క నొక్కు నొక్కితే కనబడేది. నొక్కలేదు.

ముందు గదిలో గోడకు వేలాడుతున్న గ్రూప్ ఫోటో అది. స్టూడియో ఇరవయ్యో వార్షికోత్సవం నాటిది. దాన్ని తీసిన ఫోటోగ్రాఫరును అందరూ 'స్టడీ గారు' అనేవాళ్ళు, షట్టరు నొక్కే ముందు ఎంత పెద్ద మనిషినైనా "స్టడీ... స్టడీ..." అని బిగదీసేసేవాడు కాబట్టి. ఆయనా పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలి పిల్లలను చదివిస్తూ ఉండిపోయాడు. ఈమె మంచానపడ్డ నాన్నను చూసుకుంటూ ఉండిపోయింది. పదిహేనేళ్ళు ఒక గోడకు అటూ ఇటూ పనిచేశారు. ఆయన తీసేవాడు, ఈమె దిద్దేది. ఒకరినొకరు 'మీరు' దాటి పిలుచుకోలేదు.

ఆ రోజు ఆయన కెమెరాకు టైమరు పెట్టి, తనకోసం వదిలిన ఖాళీలోకి పరుగెత్తుకొచ్చి ఈమె పక్కన నిలబడ్డాడు. మర్నాడు దిద్దడానికి ఫోటో తెరిస్తే, అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. ఆయన ఈమె వైపు చూస్తున్నాడు. పరుగెత్తుకొచ్చి అప్పుడే తల తిప్పుకుంటూ ఉండొచ్చు. కానీ లక్ష జతల కళ్ళు దిద్దిన మనిషికి ఆ మాత్రం తెలియదా. నలుగురూ చూస్తారని, నాలుగు మాటలు అంటారని భయపడింది. ఆయన కళ్ళు మార్చడానికి చెయ్యి రాలేదు. అందుకని తనను తీసేసింది. వరసలో చివర ఉంది కాబట్టి, వెనక ఉన్న నీలం కర్టెన్‌ను తన మీదుగా లాగేసింది. పావుగంట పని.

ఫ్రేము గోడకెక్కిన రోజు ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇక్కడ మీరుండాలి కదండీ?" అన్నాడు.

"ఫ్రేములో పట్టలేదండి."

"అలాగా."

తను కెమెరాలో చూసి బిగించిన ఫ్రేములో ఎవరు పడతారో ఎవరు పడరో ఆయనకు తెలియకనా. ఆరు నెలలకు మేనల్లుడికి ఉద్యోగం వచ్చిన ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు ఈ గది గుమ్మం దాకా వచ్చి, "కళ్ళు జాగ్రత్తండి" అన్నాడు. అంతే.

మధ్యాహ్నం ఆమె తెరకు వీపు పెట్టి డబ్బాలో అన్నం తింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి పిల్ల ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"మనదగ్గర స్టడీ గారని ఉండేవారటగా? నాకు గుర్తులేదు, మరీ చిన్నదాన్ని. వాళ్ళ మేనల్లుడట. నువ్వు మాట్లాడు."

అవతలి గొంతు ఎంతో మర్యాదగా ఉంది. "మావయ్య పోయిన నెల పోయాడండి. నిద్రలోనే. గోడకు పెడదామంటే ఇంట్లో ఒక్క మంచి ఫోటో లేదు. బతుకంతా ఎదుటివాళ్ళవి తీశాడు గానీ తను దిగలేదు. మీ స్టూడియో గ్రూప్ ఫోటో ఒకటి ఆయన పెట్టెలో ఉండేది, చెమ్మకి పాడైపోయింది. అందులో కూడా ఎటో చూస్తుంటాడు. ఏం చూస్తున్నావ్ మావయ్యా అనడిగితే, కర్టెన్ రా అనేవాడు."

"పంపిస్తాను బాబూ" అని మాత్రం అనగలిగింది. ఫోను తిరిగి ఇచ్చి దిండు సర్దుకుని కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. పద్దెనిమిదేళ్ళ కిందటే వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ ఇంకోసారి ఎలా వెళ్తాడో ఆమెకు అర్థం కాలేదు.

కొత్తదాంట్లో తేదీ కొట్టింది. ఫోటో వచ్చింది. వరస చివర, నీలం కర్టెన్ ముందు, నలభై ఏళ్ళ మనిషి నిటారుగా నిలబడి బుద్ధిగా కెమెరాలోకి చూస్తోంది. ఏమీ తెలియని మొహం. పక్కన ఆయన. అనుమానం లేదు, తల తిప్పుకుంటున్న చూపు కాదది. వచ్చి, నిలబడి, తీరిగ్గా చూస్తున్న చూపు. 'స్టడీ' అంటే ఏమిటో ఆ కళ్ళలో ఉంది.

పిల్ల కుర్చీ వెనక నుంచి వంగింది. "ఈయనేనా? ఇదేం కష్టం కాదత్తా. కొత్తదాంట్లో ఒక్క నొక్కుతో కళ్ళు మనవైపు తిప్పేయొచ్చు. ఇదిగో, ఇక్కడ నొక్కు."

"వద్దమ్మా."

"గోడకు పెట్టుకునే ఫోటో కదా, మనవైపు చూడాలిగా?"

"ఆయన ఎటు చూశాడో అటే చూడనీ."

పిల్ల ఫోటోను మళ్ళీ చూసింది. "ఈ చివర ఉన్నది... నువ్వా? మరి గోడ మీది దాంట్లో లేవే?"

"తీసేశాను."

"ఎందుకు?"

"తెలివి తక్కువై" అంది ఆమె. ఆ మాట ఒకరితో అనడం అదే మొదలు. పిల్ల ఆమె భుజం మీద చెయ్యి వేసి, కాసేపుంచి, ముందు గదిలోకి వెళ్ళిపోయింది.

ఆమె ఆయన చుట్టూ గీత గీసింది. గ్రూప్ ఫోటోలోంచి ఒక్క మనిషిని విడదీసేటప్పుడు ఈ పనిలో అందరూ మొదట నేర్చుకునేది ఒకటే, అంచున మిగిలిన పక్కమనిషి భుజాన్ని తీసెయ్యడం. నేర్చుకోడానికి వచ్చిన ఎంతమందికో ఆమే చెప్పింది. ఇప్పుడు ఆ భుజం ఆయన చూపు వెళ్ళే వైపున బొటనవేలంత వెడల్పున మిగిలింది. ఆమె చెయ్యి అలవాటుగా దాని మీదికి వెళ్ళి ఆగింది. ఆయన బుగ్గ మీది మచ్చ తీయలేదు, కంటి కింద నలుపు తీయలేదు. ఉన్నదున్నట్టు ప్రింటు ఇచ్చింది. ముప్పై మూడేళ్ళలో ఏమీ దిద్దకుండా ఆమె చేతి మీదుగా వెళ్ళిన ఫోటో అదొక్కటే.

అయిదు గంటలకు గీత చివరిదాకా వెళ్ళింది. పాత కంప్యూటరు ఆపింది. ఫ్యాను చప్పుడు ఆగాక గది ఎవరిదో అన్నట్టుంది. దిండు సంచిలో పెట్టుకుంది.

"ఆటో పిలవనా అత్తా?"

"ఎందుకమ్మా, నడుస్తాను. మొహాలు చూసుకుంటూ పోతాను."

బల్ల మీద, పోస్టు కవరు పక్కన, ప్రింటు ఇంకా ఆరుతోంది. అందులో ఆయన కళ్ళు ఒక పక్కకు తిరిగి ఉన్నాయి, ఆ పక్కన, అంచు మీద, సగం తెగిన ఒక ఆడమనిషి భుజం ఉంది.