సంఘం గది గుమ్మం

రోజూ పొద్దున్నే వడ్రంగి తాత వీధి సంఘం గది గుమ్మం కొలిచి, తలుపుకి ఒక చెక్క తీయడమో వేయడమో చేసి టీకి వెళ్తాడు. ఆ గుమ్మం తీరే అంత. లోపలా బయటా వీధివాళ్ళెవరైనా 'మా' అంటే ఇరుకవుతుంది, 'మన' అంటే వెడల్పవుతుంది. ఊరికే పైపైన అంటే లొంగదు. బయటివాళ్ళ మాటైతే అసలు చెవిన పెట్టదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఎంత ప్రేమగా 'మన వీధి' అన్నా వెంట్రుకవాసి జరగదు.

ఆ రోజు గుమ్మం బయట టైలరమ్మ కాగితం పట్టుకుని నిలబడింది. పన్నెండేళ్ళ కిందట చంటిపిల్లతో వేరే దేశం నుంచి వచ్చింది. వీధిలో సగం మంది ఒంటిమీదున్నవి ఆవిడ కుట్టిన బట్టలే. సాయంత్రం ఐదులోగా సంఘం సంతకం పడకపోతే తల్లీకూతుళ్ళు దేశం వదిలి వెళ్ళాలి. ఇన్నేళ్ళూ 'మీ వీధి, మీ బడి' అనే అంది. ఇంకోలా అనడానికి నోరు రాలేదు పాపం.

లోపల సంఘం పెద్ద, మా నీళ్ళు, మా ఉద్యోగాలు, మా పిల్లల సీట్లు అంటూ ఏకరువు పెట్టాడు. తక్కినవాళ్ళు వంత పాడారు. సంతకం లేదని తేల్చి లేచేసరికి గుమ్మం మూరెడైంది. పెద్దాయన అసలే భారీ మనిషి. పక్కకి తిరిగి దూరబోయి ఇరుక్కుపోయాడు. వెనకున్నవాళ్ళు గబగబా 'మన, మన' అని చూశారు. బయటపడదామని అన్న మాటలాయె, గుమ్మం ఉలకలేదు.

టైలరమ్మకి చొక్కా చిరుగుతున్న చప్పుడు వినిపించింది. తను కుట్టిన చొక్కాయే. కాగితం సంగతి మరిచిపోయి ముందుకెళ్ళింది.

"కదలకండి అన్నయ్యగారూ, చంక దగ్గర కుట్టు ఊడిపోతుంది," అంది. గుమ్మం వైపు తిరిగి, కూతుర్ని కోప్పడ్డట్టే, "ఏంటే, మన పెద్దాయన్ని ఇలాగేనా నలిపేది?" అంది.

గుమ్మం జానెడు జరిగింది.

గొడవ విని అప్పటికే వడ్రంగి తాత వచ్చి పక్కన నిలబడ్డాడు. టేపు తీసి కొలిచాడు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు.

"ఆవిడ మాట వింది," అన్నాడు.

పెద్దాయన తల దించుకుని బయటికొచ్చాడు. ఆయనకి నిజంగానే సిగ్గేసింది. ఐదుకి ఇంకా పది నిమిషాలుంది. ఆవిడ చేతిలో కాగితం తీసుకుని గోడకి ఆనించి సంతకం పెట్టాడు.

"రేపు ఈ చొక్కా తెస్తానమ్మా," అన్నాడు. "మన షాపు ఎన్నింటికి తీస్తావు?"

వెనక గుమ్మం ఇంకో బెత్తెడు జరిగింది. తలుపుకి మళ్ళీ కొత్త చెక్క వేయాలని గొణుక్కుంటూ, వడ్రంగి తాత నవ్వుతూనే కొలత రాసుకున్నాడు.