ఎండ తగలని దిండు

నేను ఒక దిండుని. అసలు సిసలు బూరుగు దూది దిండుని. ఈ స్పాంజి ముక్కలు కూరిన నిన్నకాక మొన్నటి దిండ్లతో నన్ను కలపకండి. గవ్వలపేట అనే సముద్రపొడ్డు ఊళ్ళో, పంతొమ్మిదేళ్ళ కిందట, మస్తాను సాయిబు దూది ఏకి, గింజలు ఏరి, పచ్చచారల గుడ్డలో కూరి, దబ్బనంతో నా నోరు కుట్టేశాడు. పోతూ పోతూ, వారానికోసారి ఎండలో వెయ్యండమ్మా, ఈ ఊరి గాలికి దూది నిలవదు అని చెప్పాడు. ఆ మాట విన్నది ఇంటావిడ మంగతాయారు ఒక్కతే. ఇంటాయన జోగారావు అప్పటికే నన్ను తలకింద పెట్టుకుని గుర్రు పెడుతున్నాడు.

సాయిబు చెప్పింది నిజం. గవ్వలపేటలో పన్నెండు నెలలూ గాలి తడిగానే ఉంటుంది. జాడీలో ఉప్పు నీరు కారుతుంది. వేయించిన అప్పడం భోజనం ముగిసేలోపు మెత్తబడుతుంది. అందుకే మంగతాయారు ప్రతి శుక్రవారం నన్ను పెరటి గోడమీద ఎండేసేది. సాయంత్రానికి నేను పొంగిన పూరీలా లోపలికొచ్చేదాన్ని.

ఆ గోడకి అవతల ఇసుకలో కొర్లమ్మ నెత్తళ్ళ చేపలు ఎండబెట్టుకునేది. మొగుడు వేటకెళ్ళి తిరిగి రాలేదు, కూతురు కాన్పులో పోయింది. మిగిలింది రెండేళ్ళ మనవరాలు. ఆ నాలుగు బారల ఇసుక, దాని మీద పడే ఎండ, వాళ్ళిద్దరికీ అదే ఆస్తి. మాకూ వాళ్ళకీ ఒకే ఎండ. చేపలకి పేచీ లేదు, నాకూ లేదు.

పేచీ జోగారావుకి వచ్చింది. ఒకరోజు నామీద తల పెట్టి, దిండు నీచుకంపు కొడుతోందన్నాడు. నిజానికి ఆ కంపు ఆయన రాసుకునే ఆముదానిది. కానీ మగవాడు ఒకసారి అన్నాక ఇంకేముంది, నన్ను గోడమీద వెయ్యొద్దని ఆజ్ఞ అయింది. రెండు వానాకాలాలు నేను ఎండ మొహం చూడలేదు. కడుపులో చెమ్మ చేరింది. చెమ్మలో కంటికి కనబడని పురుగులు చేరాయి. జోగారావు నెత్తిమీంచి రాలే పొట్టు వాటికి మూడుపూటలా భోజనం. అవి తిన్నాయి, పిల్లల్ని పెట్టాయి, నాలోనే చచ్చి పొడి అయ్యాయి. రోజూ ఎనిమిది గంటలు ఆయన ముక్కు ఆ పొడిలోనే ఉండేది.

ఇక తుమ్ములు మొదలయ్యాయి. తెల్లారి లేస్తే డజను తుమ్ములు, ఆనక ముక్కు దిబ్బడ, నుదుటిమీద రోలు పెట్టినంత బరువు. పసుపు వేసి ఆవిరి పట్టాడు, మిరియాల పాలు తాగాడు, బాము రాసుకున్నాడు. అన్నీ అయ్యాక హమ్మయ్య అంటూ మళ్ళీ నామీదే వాలేవాడు. నాకు నవ్వొచ్చేది.

నవ్వులాట కానిది ఒకటుంది. జోగారావు దస్తావేజు లేఖరి. పొలం అమ్మినా, ఇల్లు కొన్నా, కాగితం ఆయనే రాయాలి. సరిగ్గా సంతకం పెట్టే వేళ ఎదుటివాడు తుమ్మితే ఏ మనిషి పెడతాడు? కొనేవాడు కలం కింద పెట్టి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చునేవాడు. మళ్ళీ తుమ్మితే లేచి ఇంకో లేఖరి దగ్గరికి పోయేవాడు. అలా నాలుగు బేరాలు పోయేసరికి జోగారావుకి దోషి కావలసివచ్చింది. గోడ అవతల దోషి సిద్ధంగానే ఉంది.

తహసీల్దారుకి పది పేజీల అర్జీ రాశాడు. ‘సదరు మత్స్యముల దుర్గంధము వలన అర్జీదారుని శ్వాసకు అపార నష్టము’ అని మొదలుపెట్టి, ఆ ఇసుక పోరంబోకనీ, ఆమెకి హక్కు లేదనీ, వెంటనే ఖాళీ చేయించాలనీ ముగించాడు. నన్ను ఒళ్ళో పెట్టుకుని, నామీద అట్ట పెట్టి మరీ రాశాడు. ఇంత ముచ్చటైన దస్తూరిలో అబద్ధం నేనెన్నడూ చూడలేదు.

సంగతి తెలిసి కొర్లమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“బాబూ, గాలి మీ ఇంటేపు తిరిగినప్పుడు సేపలు ఎత్తీసుకుంతాను. ఇసకొదిలెల్లమంటే ఏటి సేసీది? ఎండెక్కడ కొనుక్కుంతాను?”

కాగితం పైకి వెళ్ళిపోయింది, ఇక నా చేతిలో లేదన్నాడు జోగారావు. అది మాత్రం సగం నిజం. విచారణకి ఇంకా నాలుగు రోజులుంది.

ఈలోపు తలనొప్పి ఆగక విశాఖలో ఎలర్జీ డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. కారులో తల ఆన్చుకోవడానికి నన్ను తెచ్చుకుని, లోపలికి కూడా చంకన పెట్టుకునే వెళ్ళాడు. డాక్టరు ఆయన ముంజేతిమీద రకరకాల మందు చుక్కలు వేసి సూదితో గీరింది. చేప చుక్క దగ్గర చర్మం చల్లగా పడుకుంది. దుమ్ముపురుగు చుక్క దగ్గర శనగబద్దంత ఉబ్బింది.

“చేపలు మిమ్మల్ని ఏమీ చెయ్యలేదండీ,” అందావిడ. “సముద్రపు గాలిలో తేమెక్కువ. ఎండ తగలని పరుపుల్లో, దిండ్లలో ఈ పురుగులు పెరుగుతాయి. మీ చంకలో ఉన్నదాని వయసెంత?”

పంతొమ్మిది అన్నాడు. ఇంటికెళ్ళగానే తగలెయ్యమంది.

ఇంటికొచ్చాక మంగతాయారు ఒకటే మాట చెప్పింది, విచారణకెళ్ళి తప్పు మన దిండుదని చెప్పేసి రమ్మని. జోగారావు నన్ను చంకలోంచి తీసి మంచంమీద పడేశాడు.

“పది పేజీలు రాసినవాణ్ణి. ఇప్పుడెళ్ళి దిండు చేసిందని చెప్తే, రేపట్నుంచి నా కాగితం ఎవడు నమ్ముతాడే?”

విచారణలో ఆయన ఏమీ చెప్పలేదు. అర్జీ చదివారు, కొర్లమ్మ వేలిముద్ర వేయించుకున్నారు, మూడు రోజుల గడువిచ్చారు. ఆ రోజే జోగారావు కొత్త స్పాంజి దిండు కొనుక్కున్నాడు. వారం తిరక్కుండా తుమ్ములు ఆగిపోయాయి. చూశావా, చేపలు పోయాయి, తుమ్ములు పోయాయి అని ఊరంతా అనుకుంది. బేరాలు తిరిగొచ్చాయి. ఆ అర్జీ రాసిన చెయ్యి ఇదేనని కొత్తవాళ్ళు కూడా వచ్చారు.

ఇక నా సంగతి. గడువు ముగిసిన పొద్దున మంగతాయారు నన్ను కాల్చడానికి పెరట్లో పడేసింది. కొర్లమ్మ మూటలు రిక్షాలో పెట్టుకుంటోంది. జోగారావు అటు చూశాడు, ఇటు చూశాడు. ఇంత దూది బూడిద చెయ్యడమెందుకు, ఉత్తచేతులతో పంపానన్న మాటెందుకు అనుకున్నాడో ఏమో, నన్ను దులిపి, కొత్త గలీబు తొడిగించి గోడమీంచి కొర్లమ్మకి అందించాడు. అది వద్దండీ అని మంగతాయారు అనబోయింది. ఆయన ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకుని లోపలికి పోయింది. ఆవిడ తప్పు అంతే, కానీ నేను దాన్ని చిన్న తప్పని అనను.

“సెడ్డోడు కాడు ఆ బాబు,” అంది కొర్లమ్మ రిక్షావాడితో. అప్పటిదాకా చీర మడతే వాళ్ళకి దిండు.

ఇప్పుడు నేను విశాఖ రేవు వెనక ఒక గదిలో ఉంటున్నాను. కిటికీ లేదు, గోడలు చెమ్మ కారుతుంటాయి. కొర్లమ్మ పొద్దున్నే రేవులో ఎవరివో చేపలు కోసి వస్తుంది. మొదటి రోజు మధ్యాహ్నం మనవరాలికి అన్నం తినిపించి, నన్ను పరిచి, మెత్తగా ఉందా తల్లీ అంటూ నామీద పడుకోబెట్టింది. పిల్ల మొహం నాలో కూరుకుని హాయిగా నిద్రపోయింది. కాసేపటికి తుమ్మింది.

“నూరేళ్ళు,” అంది కొర్లమ్మ.

పిల్ల మళ్ళీ తుమ్మింది. కొర్లమ్మ మళ్ళీ దీవించింది. పిల్ల నిద్ర లేచేలోపు ఆ పిచ్చితల్లి పదకొండుసార్లు దీవించింది.