పచ్చసొన వాలిన వైపు

చర్చి గంట ఆగీ ఆగకముందే లెసియేలి పొయ్యి వెలిగించేది. రాత్రి మిగిలిన చేమదుంప ముక్కలు, రెండు గుడ్లు. మామగారు తెల్లవారుజాము ప్రార్థన నుంచి వచ్చేలోపు పలహారం సిద్ధం. గుడ్లని మాత్రం ఎప్పుడూ గిలక్కొట్టే పోసేది. "త్వరగా అవుతుంది మామయ్యా" అనేది.

త్వరకి కాదండీ. హాపాయ్ దీవుల్లోని ఆ ఊళ్ళో, పెనం మీద కొట్టిన గుడ్డులో సొన ఆ కోడి ఎవరిదో వాళ్ళింటి వైపు జరిగి కూర్చుంటుంది. దేవుడు అక్కడి కోళ్ళకి కంచెలివ్వలేదు, ఈ తెలివినిచ్చాడు. పక్కింటి వికా కోళ్ళు లెసియేలి పెరట్లో, ఎండు కొబ్బరిమట్టల కింద గుడ్లు పెట్టేవి. మొదటిరోజు తిరిగిచ్చేద్దామనే తీసింది. వంటింటి దాకా వచ్చేసరికి ఆకలేసింది. ఆ తర్వాత అలవాటైపోయింది.

ఆవేళ మామగారు సోసయా పెందలాడే వచ్చి పొయ్యి పక్కనే చతికిలబడ్డాడు.

"అమ్మాయ్, ఇవాళ గిలక్కొట్టకు. నిండు సొన చూసి ఎన్నాళ్ళయిందో."

"మీకు అరగదేమో మామయ్యా."

"మీ అత్త వంట అరిగించుకున్న పొట్ట ఇది. కొట్టు."

కొట్టింది. రెండు సొనలూ ఒకదాని వెనక ఒకటి నూనెలో ఈదుకుంటూ వికా ఇంటివైపు పోయి అంచుకి ఆనుకున్నాయి. పెనం తిప్పింది. అవీ తిరిగాయి. లెసియేలికి చెవులు కాలిపోయాయి.

ముసలాయన చూశాడు. కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు.

"తండ్రీ, వండిన చేతుల్ని దీవించు. కోళ్ళు గొడ్డుపోయాయని, నువ్వు మొహం తిప్పుకున్నావని, ఇవాళ పడవెక్కి అన్న ఇంట్లో చాకిరీకి పోతున్న వికాని దీవించు."

లెసియేలి నోట ఆమెన్ రాలేదు. వేడి పెనం గుడ్డతో పట్టుకుని బయల్దేరింది. మూత పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. వాకిళ్ళు ఊడుస్తున్న ఆడవాళ్ళు పెనంలోకి చూసి, చీపుర్లు ఆపి, దారిచ్చారు.

వికా గడపలో కూర్చుని కోళ్ళ కాళ్ళు కట్టేస్తోంది, పాస్టరుగారికి ఇచ్చి పోదామని. అక్కడ సొనలు ఎటూ పోలేదు. పెనం నడిమధ్య నిలబడ్డాయి.

వికా వాటినే చూస్తూ అడిగింది. "ఎప్పట్నుంచే?"

"ఈస్టరు నుంచి అక్కా."

"ఉపవాసాలున్నానే నేను. ఏం పాపం చేశానా అని."

లెసియేలి తలెత్తలేదు. పెనం దించలేదు.

రేవులో పడవ కూత వేసింది. వికా ఒక కోడి కాళ్ళకున్న నార విప్పింది. రెండోదానికీ విప్పింది. అవి రెక్కలు దులుపుకుని నేరుగా లెసియేలి పెరట్లోకే పరిగెత్తాయి.

"సిగ్గులేనివి" అంది వికా.

మాట కోళ్ళకే. లెసియేలి అది తనకేనని కొంగున ముడేసుకుంది. పడవ వికా లేకుండానే కదిలింది.