ఎర్రావు పంటి పదును తీసిన ఆకురాయి

నేను ఒక ఆకురాయిని. పేరులో ఆకూ రాయీ ఉన్నా నాలో ఉన్నది ఉత్త ఇనుమే. ఏదో కార్ఖానాలో ఒంటినిండా గాట్లు పెట్టి, నిప్పుల్లో కాల్చి, నీళ్లలో ముంచి, ఇక బతుకుపో అన్నారు. పలమనేరు దగ్గర ఒక కట్టెల అడితిలో చేరి ఏళ్ల తరబడి రంపం పళ్లకు పదును పెట్టాను. కరెంటు రంపం దిగిన రోజునే నన్ను మూలకు గిరాటేశారు. కొత్తది వస్తే మనుషులకు పాతదాని మొహం చూడబుద్ధి కాదు.

పశువుల డాక్టరు షకీలా నన్ను ఆ చెత్తలోంచి ఏరుకుంది. కమ్మరి చేత మూరెడు పిడి వేయించి, నా మొనను గుండ్రంగా అరగదీయించి, కాగే నీళ్లలో ఉడికించి సంచిలో పెట్టుకుంది. అంత మర్యాద నేను ఎన్నడూ ఎరగను.

అప్పుడే మునెమ్మ తన ఎర్రావును ఆసుపత్రికి తోలుకొచ్చింది. ఆ ఇల్లు గడిచేది దాని పాల మీదే. ఆవు మేతను సగం నమిలి ఉండలుగా బయటికి వదిలేస్తోంది. చొంగ కారుతోంది, డొక్కలు ఎండిపోయాయి. నోట్లో ముళ్లు లేచాయని ఆమె మొగుడు చెంగల్రాయుడు తీర్మానించాడు. ఆ ఊళ్లో మేత మానిన పశువుకు వైద్యం ఒకటే: ఉప్పూ పసుపూ వేసి నాలుక రుద్దడం, బుగ్గల లోపలి ముళ్లను కత్తెరతో కోయడం. రెండూ అయ్యాక ఆవు ఆ సగం నమలడం కూడా మానేసింది. ఇక లాభం లేదని అతను కోతకు కొనే బేరగాడికి మాట ఇచ్చేశాడు. శుక్రవారం వచ్చి తోలుకుపోతాడు.

"ముళ్లన్నీ తీసేస్తి డాక్టరమ్మా, అయినా తినేదే ల్యా," అన్నాడు వెంట వచ్చిన చెంగల్రాయుడు గొప్పగా.

"అదిగో, పక్కన కట్టేసిన ఆ నెమరేసే ఆవు నోట్లో చెయ్యి పెట్టి చూడు," అంది డాక్టరు.

పెట్టాడు. మొహం పాలిపోయింది. "దీనికీ ఉండాయే ముళ్లు."

"అన్ని ఆవులకూ ఉంటాయి. నోట్లో మేత జారిపోకుండా పట్టేవి అవే. నువ్వు వాటినే కోశావు."

దవడల మధ్య ఇనుప అడ్డు పెట్టి, టార్చి వేసి ఆమె లోపల చూపించింది. వెనక దవడపన్ను అంచు కత్తిలా పెరిగి బుగ్గను కోస్తోంది. పక్కనే చిగుళ్లలో గడ్డిపోచలు ఇరుక్కుని చీము పట్టింది. ఆ కంపుకు అందరూ ముక్కు మూసుకున్నారు, మునెమ్మ తప్ప.

"ఇంత నొప్పి పెట్టుకోని నాకు పాలిచ్చినావా తల్లీ," అని ఆవు మెడ పట్టుకుని ఏడ్చింది.

ఇక నా వంతు. బతుకంతా పదును పెట్టినదాన్ని, మొదటిసారి పదును తీయడానికి ఆ నోట్లోకి వెళ్లాను. నాకూ భయమేసింది. కరకరమని అరగదీస్తుంటే పన్ను అంచు నున్నబడింది. డాక్టరు గడ్డిపోచలు లాగి, చిగుళ్లు కడిగి, సూది వేసి, గాయం మానేదాకా మెత్తటి తవుడు జావ పట్టమంది.

శుక్రవారం ఆమె మళ్లీ చూడటానికి వెళ్లింది, సంచిలో నేనూ ఉన్నాను. అప్పటికే బేరగాడు తాడుతో వాకిట్లో నిలబడ్డాడు. డాక్టరు ఆవు నోరు చూసి గాయం మానిందనగానే మునెమ్మ పచ్చిజొన్న పిడికెడు అందించింది. ఆవు నమిలింది. ఇంకా నమిలింది. నేల మీద ఒక్క ఉండ పడలేదు. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

"నా ఆవు మేస్తా ఉండాది," అన్నాడు చెంగల్రాయుడు. "మాట తప్పినోడనుకో, ఏమన్నా అనుకో. నువ్వు పోయిరా నాయనా." బేరగాడు ఉత్త తాడుతో వెనక్కి తిరిగాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఏ పశువు మేత మానినా డాక్టరు కంటే ముందు చెంగల్రాయుడే ఆ ఇంటికి పరుగెత్తుతాడు. సంచిలో ఉన్న నాకు వీధి చివర నుంచే అతని గొంతు వినిపిస్తుంది.

"కత్తెర దాయండి. ఆకురాయి వస్తా ఉండాది."