పసుపు అంటిన ట్యూబులు

ఆయుధపూజ నాడు మా కాలేజీ ల్యాబులో నేనొక్కదాన్నే ఉన్నాను. "బ్యాక్టీరియాని చూసుకోడానికి నువ్వుంటావు గదా, రోజా" అనేసి టీములో మిగిలిన ముగ్గురూ పండగకి ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఉంటావా అని మాత్రం ఎవరూ అడగలేదు. టీములో నా పని ఎప్పుడూ అదే, ఉండటం.

రొయ్యల గుంట నీళ్ళలో తెగులుంటే నీలం లైటు కింద పచ్చగా వెలిగే బ్యాక్టీరియాని తయారుచేస్తున్నాం. ప్యారిస్‌లో పోటీ. ఫలితాలు వెబ్‌సైటులో పెట్టడానికి ఆ రోజే ఆఖరు. ఏడాదిగా అది ఒక్కసారైనా వెలిగి చావలేదు.

పొద్దున మనసాగలేదు. తడ దగ్గర మా ఊళ్ళో అమ్మ ఈపాటికి పడవకీ వలలకీ బొట్లు పెట్టి ఉంటుంది. నేనూ పసుపు కలిపి మిషన్లకీ, ట్యూబుల స్టాండుకీ పూసి, కుంకుమ పెట్టాను. చేతులు చున్నీకి తుడుచుకుని పనిలో పడ్డాను.

సాయంత్రం, బ్యాక్టీరియా కలిపిన తెగులు నీళ్ళ ట్యూబు మీద నీలం లైటు వేశాను. వెలిగింది! వీడియో తీసి గ్రూపులో పెట్టాను. వెంటనే ముగ్గురూ కాల్‌లోకి వచ్చేశారు.

"ఏం చేసినావు మే!" అని అరిచాడు మా లీడరు, సీనియర్ నరేంద్రబాబు. "ఇప్పుడే ఎక్కించేస్తా ఉండా."

"మా రోజా బంగారం" అంది స్వర్ణ.

మా రోజా! నన్ను అలా అనడం అదే మొదలు. ఏడుపొచ్చినంత పనైంది.

ఆ సంబరంలోనే, పోల్చి చూడటానికి పెట్టిన తెగులు లేని నీళ్ళ ట్యూబు మీదా లైటు వేశాను. అది వెలగకూడదు. వెలిగింది. స్టాండూ వెలిగింది, నా వేళ్ళూ వెలిగాయి. స్పిరిట్ దూదితో ట్యూబులు తుడిచి మళ్ళీ చూశాను. రెండూ చీకటి.

నీలం లైటు కింద పసుపు వెలుగుతుందని చదువుకున్నదాన్నే. ఊరుకుంటే ప్యారిస్. ఊరుకుంటే 'మా రోజా'. కానీ రేపు ఏ రైతో ఈ వెలుగును నమ్మి, బాగున్న గుంటని ఖాళీ చేసుకుంటే?

"ఎక్కించబాకన్నా. వెలిగింది పసుపు. పొద్దున పూజ చేసినా."

"పూజ చెయ్యమని నిన్నెవురడిగినారు?" అన్నాడు నరేంద్రబాబు. ఆయన కాల్ కట్ చేశాడు. తర్వాత ఇంకొకరు. చివరికి స్వర్ణ కూడా వెళ్ళిపోయింది.

లైటు ఆర్పుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "పండగ బాగా జరిగిందా పాపా? పక్కన అందరూ ఉండారా?"

ఆ పూటకి చెప్పిన నిజం చాలనిపించింది.

"అందరూ ఉండారుమా" అన్నాను.