ఇనుము లేని మెడ

హెబ్రోను దారాన్ని గిటారు మెడ పొడవునా లాగి, రెండు కొసలూ బొటనవేళ్లతో అదిమి, కన్ను దించి చూశాడు. మధ్యలో దారానికీ, తీగల కింద అడ్డంగా పొదిగిన ఇత్తడి మెట్టుకూ నడుమ సందు ఉంది. నిన్న సాయంత్రం తీగలు బిగించినప్పుడు ఒక బియ్యపు గింజ దూరేది. తెల్లవారేసరికి రెండు దూరుతున్నాయి.

దారం తీసి మళ్లీ పెట్టాడు. సందు అలాగే ఉంది. మెడ వంగుతోంది.

మైపాడుకు దక్షిణాన ఉన్న ఆ పాలెంలో అతను నలభయ్యేళ్లుగా పడవలు కుడుతున్నాడు. అలలు విరిగే తీరంలో మేకులు కొట్టిన పడవ నేలకు కొట్టుకుని పగిలిపోతుంది. పలకల్ని కొబ్బరితాడుతో కుడితే ఒంగి, మళ్లీ లేస్తుంది. తాడు లాగీ లాగీ అతని చూపుడువేళ్లు పక్కకు తిరిగిపోయాయి. ఆదివారం గుళ్లో వెనక గోడకు ఆనుకుని నిలబడి పెదవులతోనే పాడతాడు. అతను చేసిన పనిని ఇంతవరకు ఎవరూ తిప్పి తేలేదు.

ఈ కరెంటు గిటారు జయకుమార్‌ది. నెల్లూరులో పెళ్లిళ్లకు వాయిస్తాడు. మద్రాసు రేవులో ఒక ముసలి ఓడ కళాసీ దగ్గర కొన్నాడు. బస్సు మీద నుంచి జారిపడి దాని మెడ విరిగింది. రేపు పది గంటలకు మద్రాసులో సినిమా వాద్యబృందం వాళ్లు వాయించి చూపమన్నారు. ఈ సాయంత్రం అయిదు గంటల బస్సుకు గిటారుతో పోవాలి.

విరిగిన మెడలో, మెట్లున్న పైపలక కింద, సన్నని ఇనుప కమ్మీ ఉండింది. చూడగానే హెబ్రోను మొహం చిట్లించాడు. చెక్కలో ఇనుమా? ఉప్పుగాలికి తుప్పు పట్టి చెక్కనే తినేస్తుంది. పనసచెక్కతో కొత్త మెడ చెక్కి, పాత పైపలకను దాని మీద అతికించి, కమ్మీని చూరులో దోపాడు. జయకుమార్‌కు ఆ సంగతి చెప్పలేదు. ఆరు తీగలు కలిసి ఎంత లాగుతాయో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది.

"గంజి తాగయ్యా," అంది భార్య ఎలిశబెతు. "గుండెల్లో మంటన్నావే, తగ్గిందా?"

"పాత మెడ యాడుంది?"

"యాడుంటది? మొన్న పొయ్యిలో పెట్టినా. విరిగిందే గదా!"

కమ్మీ కూర్చునే గాడి ఎంత లోతో తెలియడానికి ఉన్న ఆధారం అదొక్కటే.

చూరులోంచి కమ్మీ లాగి వెలుగుకు పట్టాడు. అది తిన్నగా లేదు. ఏళ్ల తరబడి గాడిలో పడుకుని ఆ వంపునే ఒంటికి తెచ్చుకుంది. మధ్యలో దిగి, కొసల దగ్గర లేచింది. పడవ అడుగూ అంతే. కమ్మీని మెడ పక్కన ఆనించి గోటితో గీత గీశాడు.

తీగలు వదులు చేశాడు. కత్తిని నిప్పుల మీద కాచి, జిగురు మెత్తబడేలా పైపలక కిందికి నెట్టాడు. వేడి ఎక్కువైతే పలక మాడుతుంది, తక్కువైతే చీలుతుంది. వేలెడు కదలడానికి ఎంతో సేపు పట్టింది. కండువాతో చేతుల చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు.

వల భుజాన వేసుకుని పోతున్న గంగులయ్య ఆగాడు. "ఏందన్నా, పడవ మరీ చిన్నదైపోయిందే! ఎవుర్నెక్కిస్తావు, ఎండ్రకాయల్నా?"

"వెలుగుకి అడ్డం లెయ్‌రా."

ఇంకో రోజయితే హెబ్రోను నవ్వేవాడు.

మధ్యాహ్నం తిరిగేసరికి గాడి తవ్వాడు. రెండుసార్లు లోతు చాలలేదు. మూడోసారి కమ్మీ కదలకుండా కూర్చుంది. మూకుడులో జిగురు కాచి, కుంచెతో పూసి, పలకను పైన పరిచి, సన్న కొబ్బరితాడుతో మెడంతా పడవను కుట్టినంత బిగువుగా చుట్టాడు. గుంజిన ప్రతిసారీ ఎడమచెయ్యి తిమ్మిరెక్కింది. చెయ్యి విదిలించి మళ్లీ గుంజాడు.

జయకుమార్ బస్సు దిగి నేరుగా వచ్చాడు. "ఏంది పెదనాయనా, గిటార్ని ఇట్టా కట్టేసినావు? పారిపోతదనా?"

హెబ్రోను లేచి నిలబడ్డాడు. "తప్పు చేసినా నాయనా. లోపల ఇనుముండె. నేను తీసేసినా, నీకు చెప్పలా. మెడ వంగింది. ఇయ్యాల మళ్లీ పెట్టినా. జిగురు ఆరలా. రేపు పొద్దున దాకా తాడు ఇప్పబాక."

జయకుమార్ మొహం పాలిపోయింది. అక్కడున్న దుంగ మీద కూలబడ్డాడు. "నిలబడతదా?"

"తెలీదు."

తన పని గురించి ఆ మాట అనడం అతనికి అదే మొదలు.

జయకుమార్ చాలాసేపు తాడు ముళ్లను తడిమాడు. "ఆ కళాసీ చెప్పినాడులే. అమెరికాలో గూడా మొదట్లో కొన్నిటికి కమ్మీ లేకుండానే చేసినారంట. మెడలు వంగినాక పెట్టినారంట. నువ్వొక్కడివే కాదు."

"వాళ్లని రేపు పదింటికి ఎవురూ రమ్మనలా గదా."

జయకుమార్‌ను ఎక్కించుకుని బస్సు పోయింది. సగం కుట్టిన పడవకు వీపు ఆనించి హెబ్రోను రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. వెలుతురు ఇంకా పోలేదు. నీళ్లు కాగాయని ఎలిశబెతు పిలిచింది. రెండోసారి పిలిచి, దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు పాలెంవాళ్లు హెబ్రోనును ఇసుకదిబ్బ మీద సమాధి చేశారు.

నాలుగో రోజు జయకుమార్ వచ్చాడు. బస్సు దిగిన చోటే హెబ్రోను పోయిన సంగతి గంగులయ్య అతనికి చెప్పాడు. జయకుమార్ చెప్పులు చేత పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"నిలబడిందా?" అడిగింది ఎలిశబెతు.

"నిలబడింది పెద్దమ్మా. మూడు గంటలు వాయించినా, కదల్లా. పనిలోకి తీసుకున్నారు."

ఆమె తల ఊపి, పొయ్యి పక్కన ఉన్న మూకుడును కడగడానికి ఎత్తింది. జిగురు గాజులా గడ్డకట్టింది. అందులో కుంచె, హెబ్రోను చెయ్యి వదిలిన వాలులోనే, బిగుసుకుపోయి ఉంది.