నల్ల తలుపు

కలవని రంగు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇంటి నడవాలో మూడు తలుపులు. స్నానాలగదిది పాత పాలిష్ పట్టి నల్లబారింది, కిందికి దిగే మెట్లది ఎర్రటి టేకు, పెద్దావిడ పడగ్గదిది పాలిపోయిన చవక చెక్క. “అన్నీ ఒక్క రంగులో ఉండాలి మేస్త్రీ,” అంది కోడలు. నాలుగు రోజులు ఉప్పుకాగితంతో రుద్ది, చెక్కముక్కల మీద రంగు వేసి, ఎండలో ఒకసారి, దీపం కింద ఒకసారి చూసుకుని, చివరికి కలిపాను. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

అప్పుడే పెద్దావిడ నడవాలోకి వచ్చి తడబడుతూ ఆగింది. తర్వాత మెట్ల తలుపు గడియ తీసి, గాల్లోకి అడుగు వేయబోయింది. నేను గుడ్డ పారేసి ఒక్క ఉదుటున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

“పెద్దమ్మగారూ, అవి మెట్లండీ!”

“నల్ల తలుపు స్నానాలగది కదయ్యా! ఏం చేశావు దాన్ని?”

అప్పుడు నాకు అర్థమైంది. ఆవిడకు అంతా మసకే. ఇన్నాళ్ళూ తలుపుల రంగును బట్టి తిరుగుతోంది.

“మా కోడలికి చెప్పకు నాయనా. తెలిస్తే నన్ను కుర్చీలోంచి లేవనివ్వదు.”

కోడలు గంటలో వస్తుంది. చిన్న మచ్చ ఉన్నా ఊరుకునే మనిషి కాదు. కానీ ఆ మెట్లు పద్నాలుగు. ‘తగలెయ్య నీ రంగు!’ అని నన్ను నేనే తిట్టుకుని, ఉన్నవాటిలో ముదురుది తీసి స్నానాలగది తలుపుకు పట్టించాను. తొందరలో చారలు పడ్డాయి.

కోడలు వస్తూనే మొహం చిట్లించింది. “ఇదేంటి మేస్త్రీ? నాలుగు రోజులూ గోళ్ళు గిల్లుకున్నావా?”

“చెక్క రంగు ఎక్కువ తాగేసిందమ్మగారూ. తప్పు నాదే.”

“నీకసలు కళ్ళున్నాయా?”

అంతలో పెద్దావిడ గదిలోంచి వచ్చింది. ఎదురుగా ఉన్న మమ్మల్ని గమనించనే లేదు. నేరుగా నల్ల తలుపు దగ్గరికి వెళ్ళి, తడి రంగు మీద అరచెయ్యి ఆనించి తోసుకుని లోపలికి పోయింది.

కోడలు ఆ చేతి ముద్ర వంకే చాలాసేపు చూసింది.

“ఎప్పటినుంచి?” అంది మెల్లగా.

“నాకూ ఇందాకే తెలిసిందమ్మా.”

కళ్ళు తుడుచుకుని, వెళ్ళి మెట్ల తలుపుకు తాళం వేసింది. “రేపు పొద్దున కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. నువ్వు మధ్యాహ్నం రా. అత్తయ్య గది తలుపుకు తెల్లరంగు వెయ్యాలి.”

“మిగతావాటితో కలవదు కదమ్మా,” అన్నాను, అలవాటు చొప్పున.

“కలవకూడదు మేస్త్రీ,” అంది.